అంటుకోని జిగురు

కొట్టు గది నుంచి

అన్నయ్యా,

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేస్తే "బాగున్నా, మీరు బాగున్నారుగా, సరే మరి" అని పెట్టేస్తావు. గోడతో మాట్లాడినా ఇంకాసేపు నిలబడి వింటుంది. అందుకని ఈసారి క్షేమసమాచారాలు అడగడం లేదు. పని మీద రాస్తున్నాను. ఈ గది గుమ్మం తొక్కొద్దని డాక్టరు నీకు చెప్పాడు గానీ, గదిలో పని గురించి కాగితం మీద రాయొద్దనలేదుగా.

లెక్కల మాస్టారు వచ్చాడు. వానలకి ముందు ఆయనకొక గాలం రాడ్ కట్టి ఇచ్చాను. నువ్వు వెళ్ళిపోయాక మొదటినుంచి చివరిదాకా నేనొక్కదాన్నే చేసిన పని అది. తెచ్చి బల్ల మీద పెట్టి, "అమ్మాయీ, చేప కొరికినప్పుడు గట్టిగా పట్టుకుంటే ఇది నా మాట వినడం లేదు, దాని దారి అది చూసుకుంటోంది" అన్నాడు. చూస్తే రీల్ సీట్ వదులైపోయి బ్లాంక్ చుట్టూ తిరుగుతోంది. (మీ బావకి ఇప్పటికీ ప్రతిసారీ చెప్పాలి. బ్లాంక్ అంటే ఇంకా పిడీ రింగులూ తొడగని ఉత్త కార్బన్ గొట్టమనీ, సీట్ అంటే దాని మీద తొడిగి, దారం చుట్టుకునే రీలు బిగించే జాగా అనీ. సరిగ్గా పెళ్ళిరోజు మర్చిపోయినట్టే ఇదీ మర్చిపోతాడు.)

కోసి తీశాను. జిగురు ఎండింది, గట్టిగా ఉంది, గోరుతో నొక్కితే గాటు పడలేదు. కానీ బ్లాంక్ మీద నుంచి పొరలా ఊడి వచ్చేసింది, కాలిన చర్మం ఊడినట్టు. గరుకు కాగితంతో రుద్దాను, స్పిరిట్‌తో తుడిచాను, జిగురు డబ్బాలు రెండింటిలోదీ సమానంగా కలిపాను. నువ్వు చేస్తుండగా ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసినట్టే చేశాను. ఎక్కడ తప్పుతోందో తెలియడం లేదు.

ఇంకా కొన్ని రాడ్లు నేను కట్టినవి బయట తిరుగుతున్నాయి. అవన్నీ ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

దీనికైనా జవాబు రాయి.

నీ చెల్లి

*

పార్సిల్ ఆఫీసు మీది గది నుంచి

బుల్లీ,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. ఏం రాయాలో తెలియక రాయలేదు. పొద్దున్నే కిందికి దిగుతాను, పొట్లాలు తూస్తాను, చీటీలు అంటిస్తాను, సాయంత్రం పైకి ఎక్కుతాను. దీన్ని ఎన్ని రకాలుగా రాయమంటావు? జిగురు సంగతయితే రాయగలను.

ముందుగా, జిగురుని తిట్టకు. ఊడినప్పుడల్లా నేనూ డబ్బానే తిట్టేవాణ్ణి. పాపం దాని తప్పేమీ ఉండదు. ఎండి గట్టిపడిందంటే దాని పని అది చేసింది. పొరలా ఊడిందంటే అది అంటుకున్నది బ్లాంక్‌కి కాదు, బ్లాంక్ మీద ఉన్న ఇంకోదేదో దానికి. ఆ ఇంకోదాన్ని పట్టుకోవాలి.

రుద్దడం ఎంతవరకో చెబుతాను. మెరుపు పోవాలి, అంతే. తడిసిన పలక ఆరాక ఎలా ఉంటుందో అలా మసకగా, అంతటా ఒకేలా కనబడాలి. నల్లటి పొడి రాలడం మొదలయిందంటే లోపలి కార్బన్ పోగుల దాకా పోయావన్నమాట, ఆ బ్లాంక్ ఇక ఆ చోట విరుగుతుంది. సీట్ లోపల కూడా రుద్దాలని చాలామంది మర్చిపోతారు. సన్నటి కర్రకి గరుకు కాగితం చుట్టి లోపల తిప్పు. ఆ తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత మంచినీళ్ళు. అప్పుడు అసలు పరీక్ష. బ్లాంక్‌ని ఏటవాలుగా పట్టుకుని పై నుంచి నీళ్ళు వదులు. నీళ్ళు తెగకుండా పొరలా పరుచుకుంటే శుభ్రం. ఎక్కడైనా చుక్కలు చుక్కలుగా విడిపోయి, అక్కడి నుంచి తప్పించుకు పోతుంటే ఆ చోట జిడ్డు ఉన్నట్టు. కంటికి కనబడని జిడ్డు నీళ్ళకి కనబడుతుంది.

తుడిచే గుడ్డ ఎక్కడిది? బట్టలు మెత్తబడటానికి ఉతికేటప్పుడు ఏదో సువాసన మందు పోస్తావు కదా, ఆ నీళ్ళలో తడిసిన గుడ్డయితే నువ్వు తుడవడం లేదు, పూస్తున్నావు. కొత్త నూలుగుడ్డ ఉతికి వాడు. తుడిచేటప్పుడు ఒకే వైపు లాగు. అటూ ఇటూ రుద్దితే తీసిన మురికి మళ్ళీ అక్కడే పెడతావు.

గ్లవ్స్ లేకుండా ఆ డబ్బా మూత కూడా తియ్యకు. ఆ జిగురు పడక నా చేతులూ మొహమూ ఎలా వాచాయో నీ కళ్ళతో చూశావు.

రెండు పేజీలు అయ్యాయి. ఇంత రాస్తాననుకోలేదు. నీళ్ళ పరీక్ష ఎలా వచ్చిందో రాయి. తొందరగా రాయి.

అన్నయ్య

*

కొట్టు గది నుంచి

అన్నయ్యా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావ అయితే, "మీ అన్నయ్యకి మాటలు వచ్చా?" అని ఆశ్చర్యపోయాడు.

గుడ్డ సంగతి నిజమే. ఆ సువాసన మందు నీళ్ళలో ఉతికిందే. పాత బ్లాంక్ ముక్క ఒకటి తీసుకుని దాంతో తుడిచి నీళ్ళు వదిలాను. నువ్వు చెప్పినట్టే నీళ్ళు చుక్కలుగా విడిపోయి పారిపోయాయి. చూస్తూ కూర్చుండిపోయాను. ఇంతకాలం శుభ్రం చేస్తున్నాననుకుంటూ జిడ్డు రాస్తున్నాను. కొత్త గుడ్డతో తుడిచాక నీళ్ళు పొరలా నిలిచాయి, బ్లాంక్‌కి గాజు తొడిగినట్టు. ఎంత బాగుందో. మాస్టారి రాడ్ మళ్ళీ కట్టి ఇచ్చేశాను.

ఇంకో కబురు. సరంగు గారు వచ్చారు. లాంచీ నడపడం మానేశాక ఆయనకి పగలంతా రేవు దగ్గర రాళ్ళగట్టు మీద చేపలు పట్టడమే పని. పెద్ద చేపలకి తగ్గ బరువైన రాడ్ కావాలట. "మీ అన్న కడతాడని దాచుకున్న కోరిక. ఇప్పుడు నువ్వు తీర్చాలి" అన్నారు. నాకు భయమేసింది, సంతోషమూ వేసింది. ఒప్పుకున్నాను. అంత లావు బ్లాంక్‌కి సీట్ వదులుగా ఉంటే మధ్యలో ఖాళీ ఎలా నింపాలో రాయి.

ఇంట్లో అంతా మామూలే. మీ బావ ఈ మధ్య గిన్నెలు తనే తోముతున్నాడు, బట్టలు తనే పిండుతున్నాడు. మంచివాడైపోయాడనుకోకు, నేనే బెదిరించాను. నాకు పని ఎక్కువగా ఉందిలే.

నీ చెల్లి

*

పార్సిల్ ఆఫీసు మీది గది నుంచి

బుల్లీ,

నీళ్ళు పొరలా నిలిచాయని చదివి, నేనూ ఇక్కడ ఒక గాజు సీసా కడిగి కుళాయి కింద పట్టి చూసుకున్నాను. నవ్వుకోకు. చెయ్యి ఊరుకోలేదు.

సరంగు గారి రాడ్ అంటే ఆషామాషీ కాదు. ఆయన చేపతో కుస్తీ పడతాడు. ఖాళీ నింపడానికి టేపు చుట్టలు వెయ్యి. మూడు చోట్ల వెయ్యి, మధ్యలో జిగురు దిగడానికి చోటు వదులు. టేపంతా కలిపి ఒకే దిండులా చుట్టావంటే, జిగురు టేపుకే అంటుతుంది, బ్లాంక్‌ని ముట్టుకోదు. జిగురు రెండువైపులా పూయాలి, బ్లాంక్ మీదా, సీట్ లోపలా. తొడిగేటప్పుడు మెల్లగా తిప్పుతూ దించు, గాలి బుడగలు బయటికి పోతాయి. చివర్న పొంగి వచ్చినదాన్ని అప్పుడే స్పిరిట్‌తో తుడిచెయ్యి. ఆ తర్వాత మరునాటిదాకా ముట్టుకోకు, మురిసిపోయి చూడటానికి కూడా ముట్టుకోకు. నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ మా ఆఫీసులో తూకం వేసే పెద్దావిడ ఉంది. నేను ఈ మధ్య భోజనాల దగ్గర మాట్లాడుతున్నానట. "ఏమిటోయ్, లాటరీ తగిలిందా?" అంది. మా చెల్లెలు రాడ్ కడుతోందని చెప్పాను. అరగంట చెప్పినట్టున్నాను. ఆవిడ పెరుగన్నం ముగించి, "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చెప్పు" అంది.

నీ చేతులు ఎలా ఉన్నాయో రాయలేదు. వేళ్ళ సందుల్లో దురద గానీ, రెప్పల మీద ఎరుపు గానీ ఉంటే వెంటనే ఆపెయ్. ఇది రక్తంలో రాసిపెట్టి ఉంటుందని డాక్టరు అననైతే అనలేదు, లేదని కూడా అనలేదు.

రాడ్ అయిపోగానే వివరంగా రాయి.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి చేతులు రాలేదు.

సరంగు గారి రాడ్ పూర్తయింది. ఇచ్చినప్పుడు దాన్ని గాల్లో ఊపి చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, "పలుకుతోందమ్మా" అన్నారు. రేవులో అందరికీ చూపించారట. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. నీళ్ళు పొరలా నిలిచాయి. మూడు చోట్ల టేపు చుట్టాను. జిగురు రెండువైపులా పూశాను. గ్లవ్స్ వేసుకునే చేశాను. మరునాటిదాకా ముట్టుకోలేదు.

పోయిన వారం ఆయన రాళ్ళగట్టు మీద నుంచి పడిపోయారు. మోకాలి చిప్ప పగిలింది.

ఆసుపత్రికి వెళ్ళాను. కాలు ఎత్తిపెట్టి కట్టు కట్టి ఉంది. నన్ను చూసి నవ్వి, "రాయి నాచు పట్టింది, గమనించలేదు, జారాను. నువ్వెందుకమ్మా ఇంత దూరం" అన్నారు. బత్తాయిలు తిను తిను అని నాకే పెట్టారు. ఆవిడ, అంటే ఆయన భార్య, తొక్కలు ఏరి కాగితంలో చుడుతూ కూర్చుంది. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చింది. తలుపు వెనక గోడకి ఆ రాడ్ ఆనించి ఉంది. తీసింది. ఒక చేత్తో పిడి పట్టుకుని, ఇంకో చేత్తో సీట్‌ని తిప్పింది. గిర్రున తిరిగింది.

"ఆయన రాయి అంటాడు. ఆ రాళ్ళ మీద పుట్టి పెరిగిన మనిషి. పెద్ద చేప లాగుతుంటే రీలు అడ్డం తిరిగింది, అది సరిచెయ్యబోయి తూలాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన నిన్నేమీ అనడు. నేను అంటున్నాను. నీ పని మీద నమ్మకంతో అంచున నిలబడ్డాడు." ఇదంతా గొంతు పెంచకుండా అంది. రాడ్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి తెచ్చి సీట్ కోశాను. మళ్ళీ అదే. జిగురంతా సీట్‌ని కరుచుకుని ఉంది. బ్లాంక్ మీద నుంచి మాత్రం అక్కడక్కడ వదిలేసింది. ఏం తప్పు చేశానో నాకు తెలియాలి. ఆ సీట్ ముక్కలు రెండూ పొట్లం కట్టి పంపిస్తున్నాను. గుడ్డలో చుట్టాను. జిగురు పూర్తిగా ఎండిందే, నీకేమీ కాదు. కళ్ళతో చూసి చెప్పు.

నీ చెల్లి

*

పార్సిల్ ఆఫీసు మీది గది నుంచి

బుల్లీ,

పొట్లం నా చేతి మీదుగానే వచ్చింది. నేనే తూచాను.

కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. జిగురు లోపలి ముఖం మీద బ్లాంక్ అచ్చు పడింది. నువ్వు బాగా రుద్దావు. ఆ అచ్చు మసకగా, అంతటా ఒకేలా ఉంది. నేను చేసినా అంతకన్నా బాగా రాదు. కానీ ఆ మసక మధ్యలో నున్నటి మచ్చలు ఉన్నాయి, అద్దంలా మెరుస్తున్నాయి. కోలగా, పక్కపక్కన నాలుగు, ఎదురుగా ఒకటి. అవి వేళ్ళ గుర్తులని తెలుసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

నీళ్ళ పరీక్ష అయ్యాక, టేపు చుట్టేటప్పుడు బ్లాంక్‌ని పట్టుకున్నావు. గ్లవ్స్‌తోనే పట్టుకున్నావు. మరి గ్లవ్స్‌కి జిడ్డు ఎక్కడిది? అది ఆలోచిస్తూ నువ్వు చుట్టిన గుడ్డ మడిచి పక్కన పెట్టబోయాను. వాసన వచ్చింది. కర్పూరం, దాని వెనక కొవ్వు వాసన. తెల్ల డబ్బాలో ఉండే ఆయింట్‌మెంట్. మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. ఆ వాసన నన్నడుగు. ఒక ఎండాకాలమంతా మోచేతుల దాకా అది పూసుకుని తిరిగాను.

అది పూసుకున్న చేత్తో గ్లవ్స్ లాక్కుంటున్నావు. ఒక చెయ్యి లోపలికి పోతుంది, రెండో చెయ్యి దాని పైన పడుతుంది. జిడ్డంతా బయటివైపే ఉంటుంది.

ఎన్నాళ్ళయింది? మాస్టారి రాడ్ నాటికే ఉందా? అందుకేనా బావ గిన్నెలు తోముతున్నది? నేను చేతుల సంగతి అడిగితే సమాధానం రాయనిది అందుకేనా?

సరంగు గారికి ఏం చెప్పాలో తర్వాత ఆలోచిద్దాం. ముందు ఆ గదికి తాళం వెయ్యి. ఆ జిగురు ఒంటికి ఒక్కసారి పడకపోవడం మొదలయితే అది వెనక్కి పోదు. ఇవాళ వేళ్ళ సందుల్లో ఉంటుంది, రేపు కళ్ళలో ఉంటుంది, ఆ తర్వాత గొంతులో. నాకు చెప్పినప్పుడు నేనూ వినలేదు. బుల్లీ, తాళం వెయ్యి.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

అవును. మాస్టారి రాడ్ నాటికే ఉంది. అంతకు ముందు నుంచే ఉంది.

నా జిడ్డే ఆయన్ని పడేసిందని నువ్వు చెప్పాకే తెలిసింది. నాలుగు నా వేళ్ళు, ఒకటి నా బొటనవేలు. చేతుల సంగతి చెప్పి ఉంటే నువ్వు మొదటి ఉత్తరంలోనే కనిపెట్టేవాడివి. ఆయన ఇవాళ రేవులో నిలబడి ఉండేవాడు. ఇది నేను మోయాలి, మోస్తాను.

కానీ నువ్వు తాళం వెయ్యమన్నది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఆ కోపమూ చెప్పుకోవాలి. నువ్వు వెళ్ళిపోయాక ఎన్ని ఉత్తరాలు రాశాను. అమ్మ చీరలు బీరువాలోంచి తీశానని రాశాను, వంటింటికి రంగు వేశామని రాశాను, నువ్వు లేక తోచడం లేదని రాశాను. ఒక్కదానికి పలికావా? జిగురు ఊడిందని రాస్తే రెండు పేజీలు. గుడ్డ గురించి రాస్తే ఇంకో రెండు. నువ్వు సీసా కడిగి కుళాయి కింద పట్టుకున్నావని చదివి నేను ఎంత ఏడ్చానో నీకు తెలియదు. చేతులు పాడయ్యాయని రాస్తే నువ్వు ఆపెయ్ అంటావు. ఆపేస్తే అడగడానికి ఏమీ ఉండదు. మళ్ళీ "బాగున్నా, సరే మరి" మిగులుతుంది. ఆ తెల్ల డబ్బా పూసుకుంటూ పూసుకుంటూ ఇంకో ఉత్తరం, ఇంకో ఉత్తరం అనుకున్నాను.

ఉత్తరాల కోసమేనని కూడా అనను. ఆ పని నాకు ఇష్టం. మెరిసేది మసకబారి, నీళ్ళు దాని మీద నిలబడినప్పుడు లోకంలో ఒక్కటైనా నేను సరిగ్గా చేశాననిపిస్తుంది. నీకు పార్సిల్ ఆఫీసు దొరికింది. నాకేం దొరుకుతుంది చెప్పు.

తాళం వేస్తాను. ఒక్కటి చేసి వేస్తాను. సరంగు గారి రాడ్ ఊడినది ఊడినట్టు తిరిగివ్వలేను. చేతులకి ఏమీ పూసుకోకుండా, రెండేసి గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తీసిపెట్టుకుని దానికి కొత్త సీట్ ఒక్కటి అతికిస్తాను. వద్దని రాయకు. నీ ఉత్తరం వచ్చేసరికి అయిపోతుంది.

నీ చెల్లి

*

ఆసుపత్రి నుంచి

అన్నయ్యా,

ఇది మీ బావ చేత రాయిస్తున్నాను. నా రెప్పలు రెండూ మూసుకుపోయాయి, తెరుచుకోవడానికి ఇంకా టైం పడుతుందన్నారు. చేతులకి కట్లు ఉన్నాయి. భయపడకు. (భయపడాల్సినంతే అయింది బావమరిదీ, నిన్న మొన్న ఊపిరి కూడా సరిగ్గా ఆడలేదు. ఇది నేను రాస్తున్నాను, తను చెప్పలేదు.)

ఇప్పుడు పెన్ను ఎందుకు కదులుతోందని అడుగుతున్నాను. ఏదో సొంతంగా రాస్తున్నాడు. చదివి వినిపించమంటే దగ్గుతున్నాడు.

సీట్ అతికించాను. జిగురు కలుపుతుండగానే కళ్ళు మండాయి. ఆపితే కలిపింది గట్టిపడి పాడవుతుందని ఆపలేదు. తొడిగి, తిప్పి, దించి, అంచులు తుడిచాను. అప్పటికి నాకు బల్ల అంచు కనబడటం లేదు. మీ బావ వచ్చి చూసేసరికి నేల మీద కూర్చుని ఉన్నానట. (పడి ఉంది.)

డాక్టరు నీకు చెప్పిన మాటే నాకూ చెప్పాడు. ఒక్క అక్షరం తేడా లేదు.

నువ్వు బయల్దేరి రావద్దు. వస్తే నువ్వు ఉండాల్సింది ఇంట్లోనే, ఆ కొట్టు గది ఇంటి ముందు గదే. ఆ గాలికే నీ మొహం వాచిపోతుంది. మనిద్దరినీ పక్కపక్క మంచాల మీద చూసుకునే ఓపిక ఈయనకి లేదు. (ఇది ఒప్పుకుంటున్నాను.)

నీ చెల్లి

*

పార్సిల్ ఆఫీసు మీది గది నుంచి

బుల్లీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు చేరాయి. కోపంగా రాసింది ముందు చదివాను, బావ చేత రాయించింది తర్వాత చదివాను. కింద గంట మోగినా వెళ్ళలేదు. పెద్దావిడ పైకి వచ్చి చూసి, ఏమీ అడగకుండా నా బల్ల మీది పొట్లాలు కూడా తనే తూచింది.

నువ్వు రాసింది నిజం. నాకు మాట్లాడటానికి ఆ పని తప్ప ఇంకేమీ లేదనుకున్నాను. అది పోయాక మాటా పోయిందనుకున్నాను. నువ్వు జిగురు సంగతి అడిగేసరికి ప్రాణం లేచి వచ్చింది. నీ చేతులతో నేను పని చేసుకుంటున్నానని నాకే తెలియలేదు. బావకి ఇది చదివి వినిపించమను. నీ అంతట నువ్వు చదువుకునే దాకా దాచొద్దను.

ఆ డబ్బాలు ఎవరి చేతనైనా తీయించి పారెయ్యండి. బ్లాంకులు అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. గది తలుపులు, కిటికీలు తీసి ఉంచండి.

అతికించింది ఆరాక నువ్వు ముట్టుకోకు. బావ చేత తిప్పించి చూడు. వదులుందో లేదో రాయించు. అడగకూడదు, కానీ అడుగుతున్నాను.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

నా రాతే. కొక్కిరిబిక్కిరిగా ఉంటే చేతుల తప్పు, వేళ్ళ చర్మం ఇంకా కొత్తగా ఉంది. కలం పట్టుకుంటే లాగుతుంది.

మీ బావ ఆ సీట్‌ని తిప్పాడు. మొదట మెల్లగా, తర్వాత పళ్ళు బిగించి, తర్వాత మోకాళ్ళ మధ్య పెట్టుకుని. కదల్లేదు. అతని మణికట్టే నొప్పి చేసింది.

తీసుకుని సరంగు గారింటికి వెళ్ళాను. కట్టు విప్పారు గానీ కాలు వంగడం లేదు, ఇక పూర్తిగా వంగదట. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడే చెప్పేశాను.

"మీరు రాయి మీద జారలేదండీ. నా పని ఊడింది. నా చేతికి పూసుకున్న మందు దాని మీద పడింది."

"తెలుసమ్మా" అన్నారు. "రీలు నా గుప్పిట్లోనే కదా తిరిగింది."

"మరి రాయి అన్నారెందుకు?"

"నిజం చెబితే మానేస్తావని."

"మానేశానండీ."

ఆయన నా చేతుల వంక చూశారు. ముఖం చూశారు. "అయితే ఆ అబద్ధం దండగయిందన్నమాట" అన్నారు.

ఆవిడ లోపల్నుంచి అంతా వింటూనే ఉంది. వచ్చి రాడ్ తీసుకుని తనూ తిప్పి చూసింది. అది కదలకపోతే ఆవిడ ముఖంలో ఏదైనా మారుతుందేమోనని చూశాను. మారలేదు. ఆయన కాలు అతికేది కాదు కదా. కానీ కూర్చోమని పీట వేసింది. కూర్చున్నాను. ముగ్గురం వీధి వంక చూస్తూ కూర్చున్నాం. వచ్చేటప్పుడు ఆవిడ, "చేతికి నీళ్ళు తగలనివ్వకు" అంది. అంతే.

మిగతా రాడ్లు తీసుకున్నవాళ్ళందరికీ మీ బావ తిరిగి తిరిగి కబురు చెప్పాడు, పెద్ద చేపలకి వాడొద్దని, ఇంకోచోట సరి చేయించుకోమని. కొందరు తిట్టారు. ఒకాయన రాడ్ తెచ్చి మన గుమ్మం ముందు పడేసి వెళ్ళాడు. గది ఖాళీ అయింది. ఇల్లు ఊడుస్తుంటే అక్కడికొచ్చి ఆగిపోతున్నాను, ఏం ఊడవాలో తెలియక. పొద్దున లేవగానే ఏం చెయ్యాలో తెలియడం లేదు అన్నయ్యా. నీకూ ఇలాగే ఉండేదని ఇప్పుడు తెలిసింది. ఎలా ఓర్చుకున్నావు, ఎవరికీ చెప్పకుండా?

నిన్ను జిగురు గురించి అడగడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అయినా రాస్తున్నాను. రోజంతా నువ్వు ఏం చేస్తావు? రాత్రికి ఏం వండుకుంటావు? నీ కిటికీలోంచి ఏం కనబడుతుంది? ఇంతకాలం ఇది ఒక్కసారి కూడా అడగలేదు నేను.

నీ చెల్లి

*

పార్సిల్ ఆఫీసు మీది గది నుంచి

బుల్లీ,

ఎలా ఓర్చుకున్నానంటే, ఓర్చుకోలేదు. మొదట్లో పొద్దున్నే లేచి, వెళ్ళడానికి చోటు లేక, చొక్కా వేసుకుని మంచం మీద కూర్చునేవాణ్ణి. ఎప్పుడో మధ్యాహ్నానికి విప్పేవాణ్ణి. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగకుండా నేనే చూసుకున్నాను. నీకు చేతనైనది నీ చేతిలోంచి పోయినప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసని మాత్రం చెప్పగలను. ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేను. కొంచెం తగ్గుతుంది.

రాత్రికి ఎక్కువగా చారు. కూర వండితే రెండు రోజులు తింటాను.

కిటికీలోంచి ఎదురుగా ఒక గోడ, గోడ మీద బొగ్గుతో ఎవరో గీసిన క్రికెట్ వికెట్లు. పక్కింటి మేడ మీద ఒక ముసలాయన రోజూ ఒకే లుంగీ ఆరేస్తాడు, వేరే ఉందో లేదో తెలియదు. ఎడమవైపు వంగి చూస్తే కాలవ మలుపు, దానికి రాతి గోడ. సాయంత్రాలు ఆ గోడ మీద కూర్చుని నలుగురైదుగురు చేపలు పడతారు. షాపులో కొన్న రాడ్లే. ఇక్కడికి వచ్చిన రోజు నుంచి వాళ్ళని చూస్తున్నాను. ఎప్పుడూ దిగి వెళ్ళలేదు. ఆ వైపు పోవాలంటే వీధి మలుపు దగ్గర కాళ్ళు అవతలి వైపుకే తిరిగేవి.

నీ ఉత్తరం చదివాక నిన్న సాయంత్రం దిగి వెళ్ళాను. చివర్న కూర్చున్నాయన పక్కన చోటుంటే కూర్చున్నాను. ఆయన నా వంక చూడలేదు. కాసేపయ్యాక బీడీ ముట్టించుకోవాలని, "ఇది కాస్త పట్టుకుంటారా" అని రాడ్ నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. ఆ సీట్ వంక చూడకూడదనుకున్నాను. చూశాను, కానీ ఏమీ అనలేదు. దారం నీళ్ళలోకి దిగి ఉంది. చేపేమీ పడలేదు. ఆయన బీడీ అయిపోయినా రాడ్ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

నువ్వు ఇక్కడికి రా. ఆ గది గాలి తగ్గేదాకా అక్కడ ఉండొద్దు. మంచం ఒక్కటే ఉంది, అది నీకు. నేను చాప మీద పడుకుంటాను. బావ సంగతి బావే చూసుకోవాలి. మాట్లాడుకోవడానికి ఏముంటుందో నాకూ తెలియదు. చూద్దాం.

సాయంత్రం బస్సుకి వస్తే, మెట్లెక్కాక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళు, తాళం వెయ్యను. నేను గదిలో లేకపోతే కంగారు పడకు. కిటికీలోంచి ఎడమవైపు వంగి చూడు, గోడ మీద ఉంటాను.

అన్నయ్య